నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్

కెనడాలోని వాంకూవర్ నగరానికి ఉత్తరాన, బరార్డ్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయకు అవతలి నార్త్ షోర్‌లో, ఫ్రామ్, సీమోర్, సైప్రస్ కొండలున్నాయి. వాటి అడవుల్లోని సైకిలు బాటల బాగోగులు చూసే స్వచ్ఛంద సంఘం ఇది. 1997లో ఏర్పడింది. పేరులో సైకిలే ఉన్నా దీని చరిత్రను నడిపినవి పలుగూ పారా. అనుమతి లేకుండా పుట్టిన బాటలకు జవాబుదారీ చేతులను సమకూర్చడమే ఈ సంఘం ఆ ప్రాంతానికి చేసిన పెద్ద మేలు. దాని పోటీలు, పండుగలు ఆ పని తర్వాతే లెక్కకు వస్తాయి.

ఈ కొండల మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. నేల ఎప్పుడూ చిత్తడి, అడుగడుగునా దేవదారు వేళ్లు, నున్నటి బండలు. ఒకప్పుడు కలప కొట్టినవారు వేసిన దారుల మీదుగా 1980లలో సైకిలిస్టులు పైకెక్కి, కిందికి దిగడానికి సన్నని బాటలు తవ్వుకున్నారు. బురదను దాటేందుకు, పడిపోయిన దేవదారు మానులను చీల్చి నిచ్చెనలా మెట్లు కొట్టి వంతెనలు కట్టారు. 'డిగ్గర్' అని పిలిచే టాడ్ ఫియాండర్, 'డేంజరస్ డాన్' అనే డాన్ కోవన్ ఈ పనిలో పేరుపొందారు. అవసరం కోసం కట్టిన వంతెన క్రమంగా ఇరుకై, ఎత్తు పెరిగి, విన్యాసమైంది. ఫియాండర్ తీసిన వీడియోలతో ఆ శైలి ఇతర దేశాలకూ పాకింది. మౌంటెన్ బైకింగ్‌లో 'ఫ్రీరైడ్' అనే శాఖ ఎదగడానికి ఈ తడి నేల ఇచ్చిన ఊతం చాలా పెద్దది.

చిక్కంతా నేల ఎవరిదన్న దగ్గర వచ్చింది. కొంత నార్త్ వాంకూవర్ డిస్ట్రిక్ట్‌ది, కొంత ప్రావిన్స్ పార్కులది, సైప్రస్ వైపు కొంత ప్రైవేటు కంపెనీది. ఎవరైనా పడి నడుం విరగ్గొట్టుకుంటే బాధ్యత ఎవరిదన్న భయంతో అధికారులు కొన్ని కట్టడాలను కూల్చారు. ఒక్కొక్క సైకిలిస్టుతో ఏ ప్రభుత్వమూ ఒప్పందం చేసుకోలేదు. చేసుకోవడానికి ఒక సంఘం కావాలి. సభ్యత్వ రుసుము, శ్రమదానపు రోజులు, శిక్షణ పొందిన బాట నిర్మాతలు, దత్తత పథకం అలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. దత్తత పథకంలో ఒక వ్యాపార సంస్థ గానీ బృందం గానీ ఒక బాటకు డబ్బిచ్చి, తామూ వచ్చి మట్టి మోస్తారు.

సైకిళ్లు అడవిని కోసేస్తాయన్నది పాత అభ్యంతరం. 1994లో పరిశోధకులు విల్సన్, సెనీ మోంటానా బాటల మీద ప్రచురించిన అధ్యయనంలో సైకిలు కన్నా గుర్రాలూ నడిచేవాళ్లూ ఎక్కువ మట్టిని కదిలించినట్టు తేలింది. అలాగని ఆ ఫలితాన్ని నార్త్ షోర్‌కు యథాతథంగా అన్వయించలేం. ఏటవాలు తడి నేల మీద బ్రేకు వేసి జారే చక్రం వేరే కథ. అందుకే సంఘం వాదన కన్నా నీరు పారే దారికే ప్రాధాన్యమిచ్చింది. నీరు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు మళ్లితే, మట్టి చాలావరకు అక్కడే నిలుస్తుంది. పాత రైడర్ల ఫిర్యాదు మరోటి: మరమ్మతు పేరుతో బాటలను చదును చేసి, ఆ కొండల కరుకుదనాన్ని పోగొట్టారని. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఫ్రామ్ మీద బాబ్‌స్లెడ్ లాంటి తేలిక బాట రావడంతో పిల్లలకూ కొత్తవారికీ అడవిలో చోటు దొరికింది. ఆ మేలు ముందు ఈ నష్టం చిన్నదే.

ఉచిత శ్రమతో ప్రభుత్వం తన పని తప్పించుకుంటోందన్న విమర్శ వీటన్నింటికన్నా బరువైనది. దాన్ని తోసిపుచ్చలేం. ప్రభుత్వ నిధులు ఆ శ్రమకు తోడుగా రావాలే తప్ప, శ్రమ ఉంది కదా అని నిధులు తగ్గకూడదు. అయితే శ్రమదానం ఇచ్చే ఒక ఫలితాన్ని, బాట మీద నిత్యం ఉండే కన్నును, నిధులు కొనలేవు. 2015లో ఫ్రామ్ బాటల మీద మొద్దులూ రాళ్లూ అడ్డం పెట్టి రైడర్లకు ప్రమాదం తెస్తున్న ఒక మహిళను పోలీసులు అరెస్టు చేశారు. ఆధారం దొరికింది రైడర్లు చెట్లకు కట్టిన రహస్య కెమెరాల్లో. రాత్రి ఏ మొద్దు కొత్తగా వచ్చిందో పొద్దున్నే కనిపెట్టగలిగేది, ఆ బాటను రోజూ తొక్కేవారూ తమ చేతులతో తవ్వినవారే.