అశ్వారూఢ రాజవిగ్రహాలు

గుర్రమెక్కిన పాలకుడి విగ్రహం పాశ్చాత్య శిల్పకళలో రాజాధికారానికి పాతకాలపు చిహ్నం. బలమైన జంతువును ఒక్క చేత్తో అదుపు చేసేవాడు రాజ్యాన్నీ అలాగే ఏలగలడని దాని భావం.

ప్రాచీన రోమ్‌లోని ఇలాంటి కంచు విగ్రహాల్లో దాదాపు అన్నిటినీ తర్వాతి కాలంలో లోహం కోసం కరిగించారు. క్రీ.శ. 175 ప్రాంతపు చక్రవర్తి మార్కస్ అరేలియస్ విగ్రహం మాత్రం బతికి బయటపడింది. క్రైస్తవాన్ని ఆదరించిన కాన్‌స్టంటైన్‌ చక్రవర్తిదిగా దాన్ని మధ్యయుగంలో పొరబడడమే అందుకు కారణం. 4.24 మీటర్ల ఎత్తున్న ఈ శిల్పంలో చక్రవర్తికి కవచం లేదు, ఆయుధం లేదు. రికాబులూ లేవు; అప్పటికి రోమన్లకు అవి తెలియవు. చాచిన కుడిచెయ్యే అధికారమంతా చెబుతుంది. గుర్రం ఎత్తిన గిట్ట కింద కట్టిపడేసిన శత్రువు బొమ్మ ఒకప్పుడు ఉండేదని మధ్యయుగ రచనలు చెబుతున్నాయి. అదే నిజమైతే ఆ చెయ్యి క్షమాభిక్షకు గుర్తు కావచ్చు. 1538లో మూడో పాల్ పోప్ దీన్ని కాపిటోలిన్ కొండకు తరలించాడు. ఇప్పుడు అసలు విగ్రహం అక్కడి మ్యూజియంలో, నకలు ఆరుబయట ఉన్నాయి.

నెమ్మదిగా నడిచే గుర్రం 17వ శతాబ్దంలో ముందుకాళ్లు పైకెత్తింది. 1640లో పియెత్రో తక్కా పూర్తిచేసిన స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ విగ్రహం (మాడ్రిడ్) బరువంతా వెనుక కాళ్లమీద, తోకమీద నిలిచింది.

ఈ తరహాలో అన్నిటికంటే లోతైనది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శిల్పి ఫాల్కొనే చేసిన రష్యా చక్రవర్తి మొదటి పీటర్ విగ్రహం (1782). పెద్ద బండరాయి అంచున గుర్రం లేచి నిలబడింది. పీటర్ కూర్చున్నది జీనుమీద కాదు, జంతుచర్మంమీద. వెనుక గిట్ట కింద నలిగే పాము ఆయన సంస్కరణల శత్రువులకు సంకేతం. విగ్రహం పడిపోకుండా ఆపేదీ అదే. పీఠంమీద ‘మొదటి పీటర్‌కు రెండో కేథరిన్’ అని ఉంది. జర్మన్ గడ్డమీద పుట్టి, భర్తను కూలదోసి సింహాసనమెక్కిన రాణికి అంతకంటే మంచి వంశవృక్షం దొరకదు.

అధికారం మారితే మొదటి దెబ్బ ఈ విగ్రహాలకే. 1776 జూలై 9న న్యూయార్క్ జనం బ్రిటన్ రాజు మూడో జార్జి విగ్రహాన్ని పడగొట్టారు. దాని సీసం తుపాకీ గుళ్లయింది. 1792లో పారిస్ విప్లవకారులు రాజుల గుర్రాలను కూల్చేశారు.

గుర్రం రెండు ముందుకాళ్లూ ఎత్తితే రౌతు యుద్ధంలో మరణించినట్టని ఒక ప్రచారం ఉంది. అది ఉత్తమాట. పీటర్, ఫిలిప్ ఇద్దరూ జబ్బుచేసి చనిపోయినవారే.

చెన్నైలో 1839లో నిలిపిన థామస్ మన్రో విగ్రహం రాజుది కాదు, మద్రాసు గవర్నర్‌ది. దత్తమండలాల కలెక్టరుగా పనిచేసి, 1827లో కర్నూలు ప్రాంతపు పత్తికొండలో మరణించిన మన్రో తెలుగువారికి పరిచితుడే. ఆ గుర్రానికి జీను, రికాబులు లేకపోవడం శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ మరుపు అని కొందరంటారు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అతనే చేసిన నాలుగో జార్జి గుర్రానికీ అవి లేవు కాబట్టి, అది మరుపు కాదు.