నీళ్ళకి ట్యూబులైటు

మా కవిటి వైపు మొదట నుయ్యి, తర్వాత బోరింగు, ఆ తర్వాత మంచినీళ్ళ టిన్ను. వానాకాలం విరేచనాలు మొదలైతే నూతిలో బ్లీచింగు చల్లేవారు. ఆ కంపు పడక మా అమ్మ బిందె పట్టుకుని పక్క వీధి నూతికి పోయేది. అక్కడా అదే చల్లారని చేద పైకి వచ్చాక తెలిసేది.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు భయం ముదిరాక ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. ఒకదాంట్లో నేను నాలుగేళ్ళు టిన్నులు నింపాను. కొళాయికి కాస్త ముందు మూరెడు స్టీలు గొట్టం, లోపల క్వార్ట్జ్ తొడుగు, అందులో యూవీ (అతినీలలోహిత) దీపం. సందులోంచి నీలం వెలుగు కనబడేది. "నీళ్ళకి ట్యూబులైటేటి బాబూ?" అని గుంటలు నవ్వేవారు.

పనిచేసేది ఆ నీలం కాదు. కంటికి ఆనని 254 నానోమీటర్ల కిరణం సూక్ష్మజీవి డీఎన్ఏని దెబ్బతీస్తుంది. ఇక అది పెరగలేదు. ఫ్రాన్సులోని మార్సెయ్‌లో 1910లోనే ఈ పద్ధతి వాడి చూశారు. మన దేశంలో 1990లలో కొత్త రకం కలరా ప్రబలాక, బొంబాయిలో పుట్టిన అశోక్ గాడ్గిల్ అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో చవక పరికరం చేశారు. దీపాన్ని నీళ్ళలో ముంచకుండా పైన వేలాడదీశారు. పాచి, సున్నం పట్టే బాధే లేదు. ఆ పరికరంతో నడిచే నీళ్ళ కేంద్రం 2005-06 ప్రాంతంలో కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో వెలిసింది.

"దీంతో కిడ్నీ జబ్బు రాదా బాబూ?" అని మా ప్లాంటు దగ్గర అడిగిన ఆడవాళ్ళకు నేను సరిగా చెప్పలేకపోయాను. ఆ దీపం క్రిముల పనే పడుతుంది. ఫ్లోరైడు, సిలికా దానికి లొంగవు. వాటిని ఆపాల్సింది దీపానికి ముందున్న ఆర్వో మెంబ్రేను. జబ్బుకు కారణం నీళ్ళేనని ఇంతవరకు తేలనూ లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కరెంటు స్తంభాలను, కొబ్బరిచెట్లను కలిపి పడగొట్టింది. కరెంటు లేకపోతే దీపమూ లేదు, మోటారూ లేదు. రాలిన బొండాలు కొట్టుకుని తాగాం.

2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్ళ పథకం మొదలైంది. అయినా టిన్నులు పోలేదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. యూవీ దీపం సత్తువ సుమారు తొమ్మిది వేల గంటలు, అంటే ఆగకుండా వెలిగితే ఏడాది. ఆ తర్వాతా నీలంగా వెలుగుతూనే ఉంటుంది. మా ప్లాంటులో రెండేళ్ళు మార్చలేదు, నేనూ అడగలేదు. మీరు టిన్ను పట్టుకునేచోట దీపం ఎప్పుడు మార్చారో ఈసారి అడగండి.