ఈతకొలను నీటి రసాయన సమతుల్యత

ఇంటి ఈతకొలనులోని నీరు రోగకారక క్రిములు లేకుండా, చర్మానికీ కళ్ళకూ హాని చేయకుండా, గోడలనూ గొట్టాలనూ పాడుచేయకుండా ఉండేటట్లు అందులోని రసాయనాల పాళ్ళను సరిచూడటాన్ని నీటి రసాయన సమతుల్యత అంటారు. పీహెచ్, క్లోరిన్, క్షారత్వం, కాఠిన్యం ఇందులో ముఖ్యమైనవి.

== పీహెచ్, క్లోరిన్ సంబంధం ==

నీటి ఆమ్ల, క్షార గుణాలను తెలిపే పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ సోరెన్సెన్ ప్రవేశపెట్టాడు. కొలను నీటి పీహెచ్ 7.2 - 7.8 మధ్య ఉండాలి. నీటిలో కలిపిన క్లోరిన్ ముఖ్యంగా రెండు రూపాలలో ఉంటుంది. వీటిలో హైపోక్లోరస్ ఆమ్లం క్రిములను త్వరగా చంపుతుంది. హైపోక్లోరైట్ అయానుకు ఆ శక్తి చాలా తక్కువ. పీహెచ్ 7.5 వద్ద దాదాపు సగం, 8 వద్ద సుమారు నాలుగోవంతు మాత్రమే ఆమ్లరూపంలో ఉంటుంది. అందువలన పీహెచ్ పెరిగిన నీటిలో, పరీక్షలో క్లోరిన్ చాలినంత ఉన్నట్లు కనిపించినా క్రిమిసంహారం మందగిస్తుంది. పీహెచ్ బాగా తగ్గితే కళ్ళు మండుతాయి, లోహభాగాలు తుప్పుపడతాయి.

చెమట, మూత్రాలలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమైన్లు ఏర్పడతాయి. కొలను వద్ద వచ్చే ఘాటైన వాసన సాధారణంగా వీటిదే. దానిని నీరు శుభ్రంగా ఉందనడానికి గుర్తుగా భావించడం పొరపాటు.

== ఉండవలసిన పరిమాణాలు ==

(లీటరు నీటికి మిల్లీగ్రాములలో)

* స్వేచ్ఛా క్లోరిన్: 1 - 3
* మొత్తం క్షారత్వం: 80 - 120. ఇది పీహెచ్ తరచుగా మారకుండా కాపాడుతుంది. తగ్గినపుడు వంటసోడా కలుపుతారు.
* కాల్షియం కాఠిన్యం: 200 - 400. ఎక్కువైతే గోడలపై తెల్లని పొలుసు కడుతుంది. తక్కువైతే నీరు సిమెంటు పూతను కరిగిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో అనేక ప్రాంతాల బోరు నీటికి కాఠిన్యం ఎక్కువ కనుక, కొలను నింపేముందే ఆ నీటిని పరీక్షించాలి.
* సయన్యూరిక్ ఆమ్లం: 30 - 50. ఎండకు క్లోరిన్ త్వరగా నశించకుండా ఆరుబయటి కొలనులలో వాడతారు. ఇది క్లోరిన్ వేగాన్ని తగ్గిస్తుంది కనుక, వాడినపుడు క్లోరిన్ 2కు తగ్గకూడదు.

== మోతాదు లెక్క ==

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల సగటు లోతు గల కొలనులో 48,000 లీటర్ల నీరు పడుతుంది. అందులో క్లోరిన్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచడానికి 48 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం క్లోరిన్ గల బ్లీచింగ్ పౌడరైతే సుమారు 145 గ్రాములు అవసరం. దానిని విడిగా నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైనున్న తేటను మాత్రమే కొలనులో పోయాలి.

సవరించేటపుడు ముందుగా క్షారత్వాన్ని, తరువాత పీహెచ్‌ను, ఆపైన క్లోరిన్‌ను సరిచేస్తారు. పీహెచ్ తగ్గించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, పెంచడానికి సోడియం కార్బొనేట్‌ను వాడతారు.

== జాగ్రత్తలు ==

* బ్లీచింగ్ పౌడరునూ ఆమ్లాన్నీ ఎన్నడూ కలపరాదు, పక్కపక్కన నిల్వచేయరాదు. అవి కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.
* రసాయనాన్ని నీటిలో వేయాలి. రసాయనంపై నీరు పోయరాదు.
* అడుగు కనిపించనంతగా నీరు మసకబారితే ఎవరినీ దిగనివ్వరాదు. మునిగినవారు పైనున్నవారికి కనిపించరు.