హుండీ చీటినుండి విదేశ యాత్రాకార్డువరకు

పెనుకొండ దుర్గమును దాటి బెంగుళూరు దిక్కుగా పోవు రాజమార్గముమీద, వానకు మొగము వాచిన మెట్టచేల నడుమ నున్న సోమందేపల్లె, నేడు పట్టుచీరెల మగ్గములకును, సమీపమున ఎర్రమంచివద్ద 2019లో ఉత్పత్తి నారంభించిన కియా కార్ల కర్మాగారపు రాకపోకలకును పేరుపడినది. ఈ ప్రాంతపు పిల్లలు చదువులకై పరదేశము లేగునపుడు తండ్రులు రూపాయలు ముందుగా చెల్లించి, డాలర్లు నింపిన ప్లాస్టిక్ కార్డును వారి చేతి కిచ్చుట నేడు వింతగాదు. అయితే రొక్కమును ఇంటివద్ద విడిచి, దానికి మారుగా ఒక మాటను వెంటబెట్టుకొని పయనమగు పద్ధతి ఈ సీమకు మిక్కిలి ప్రాతది.

1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము విజయనగర రాజధాని పెనుకొండకు మారిననాటినుండి 1800లో దత్తమండలములు కుంఫిణీ వశమగువరకు, ఈ దారిలో నడచిన నాణెముల కొక రాజుగాని, ఒక తూనికగాని లేదు. విజయనగరపు వరహాలు, హైదరు టిప్పుల కాలపు హొన్నులు, మైసూరు కంఠీరవ నరసరాజు పేరిట వెలసిన కంఠీరాయి హణములు కలగలసి తిరిగెను. వీనికి తోడు కంఠీరాయి వరహా మరింత చిత్రమైనది: అది పద్దులలోనే గాని చేతికి వచ్చు నాణెము కాదు, పది హణములు చేరిన దానిని ఒక వరహాగా వ్రాసికొనెడివారు. లెక్కలో మాత్రమే బ్రదుకు ధనము కంప్యూటరుతో పుట్టినదని తలచువారికి ఈ వరహాను చూపవలెను. సంతకు వచ్చిన నాణెమును షరాబు రాతిమీద మ్రోగించి, గీటురాయిపై గీచి, చిన్నత్రాసున తూచి, తన వట్టమును మినహాయించుకొని మారకమిచ్చెడివాడు. 1835లో కుంఫిణీవారు ఒకే తూనికగల రూపాయిని శాసించిన తరువాతగాని ఈ గందరగోళము తగ్గుముఖము పట్టలేదు.

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమన్న సామెత పుట్టిన దినములలో, రొంటిన సంచి నిండ వరహాలు కట్టుకొని పోవుట దొంగలను పిలిచి విందు పెట్టుటయే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాసీగానుండి 1830 మే నెలలో కాశికి బయలుదేరి, మరుసటియేడు సెప్టెంబరున తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యవలె పెద్ద పరివారముతో పోగలవారు కొందరే. ధనవంతుడగు యాత్రికునకు సాహుకారు హుండీయే శరణ్యము. ఊర సొమ్ము చెల్లించి చీటి పుచ్చుకొని, దూరనగరమున నున్న అతని కొఠీలో దానిని చూపి పైకము తీసికొనవచ్చును. చూపినతోడనే చెల్లవలసినది దర్శనీ హుండీ, గడువు తరువాత చెల్లునది ముద్దతీ హుండీ. మోసగాడు అంకెను దిద్దకుండుటకై, నూరురూపాయలని వ్రాసి, ఇందులో సగము ఏబది, దాని రెట్టింపు సొమ్ము చెల్లింపవలసినదని మరల మాటలలో వ్రాయు ఆచారముండెను. చీటి పోయినచో 'పేఠ్' అను నకలును, అదియు పోయినచో 'పర్‌పేఠ్' అను రెండవ నకలును ఇచ్చెడివారు. చెల్లిపోయిన హుండీ 'ఖోఖా'యై సాహుకారు కట్టలో చేరును. కార్డు పోయెనని ఫోను చేసి, మారుకార్డు పొందు నేటి ప్రయాణికుడు ఈ ఏర్పాటును చూచినచో పరాయిదని యనుకొనడు.

పాశ్చాత్యులును ఇదే యవసరముచేత 1772లో లండనున రాబర్ట్ హెర్రీస్ చలామణిచేసిన యాత్రాపత్రములను, 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ట్రావెలర్స్ చెక్కును కల్పించుకొనిరి. కొన్నప్పుడొక సంతకము, మార్చునపుడొక సంతకము. రెండును సరిపోయిననే పైకము. 1950లో ప్రశాంతి నిలయము వెలసిన పిదప పుట్టపర్తికి వచ్చిన విదేశీ భక్తుల సంచులలో ఈ చెక్కులు మన సీమకును వచ్చెను.

మనవారు బయటికి పోవు కథ మాత్రము వేరు. గల్ఫు దేశములలో మన రూపాయియే చెల్లుచుండగా, బంగారపు దొంగరవాణాకు అది సాధనమైనందున, 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశములకు ప్రత్యేకముగ నోట్లను, హజ్ యాత్రికులకై రంగు మార్చి వేరే నోట్లను ముద్రించెను. స్వదేశమున చెల్లక, పోవుచోటనే చెల్లు ఆ హజ్ నోటే నేటి కార్డునకు అన్నిటికంటె దగ్గరి పూర్వజమని నా యభిప్రాయము. 1961లో కువైట్ తన దీనారును తెచ్చుకొనెను. తరువాతి దశాబ్దములలో కరవు సీమనుండి అచ్చటికి కూలికి పోయినవారు ఈ ముచ్చటల నెరుగరు, వారికి పోవుటకు అప్పే గాని కార్డు లేదు. చదువులకై అమెరికా పోయినవారి సంగతియు అంతంతమాత్రమే: డెబ్బైయవ దశకపు తొలినాళ్లలో ఎనిమిది డాలర్లు జేబున బెట్టుకొని విమానము దిగితిమని చెప్పుకొను పెద్దలు నేటికిని కలరు. 1999 నాటి విదేశ మారక చట్టమును, 2004లో వచ్చిన ఉదార ప్రేషణ పథకమును విదేశ ద్రవ్యముపై నున్న ఆ కట్లను వదులు చేసినవి.

ఇప్పుడు ఒక ప్రయాణమునకు నోట్ల రూపమున సామాన్యముగ 3000 డాలర్లకు మించి కొనరాదు. తక్కిన సొమ్మునకు కార్డు ఒక దారి. కార్డు నింపిననాటి ధర ఖాయమగును గనుక రూపాయి పిదప పడిపోయినను నష్టము లేదు. అయితే రుసుము లేదని ప్రకటించు సంస్థలును డాలరు ధరలోనే తమ లాభమును కలుపుకొనవచ్చును. డాలర్లు నింపిన కార్డును యూరోలు చెల్లవలసినచోట గీచిన మరియొక కోత, ఏటీఎమ్మున నగదు తీసిన ఇంకొక కోత. షరాబు వట్టము గీటురాయి ప్రక్కనే, కన్నుల యెదుట కోయబడెను. అతనితో బేరమాడుటకైనను వీలుండెను. తిరిగివచ్చినవాడు మిగిలిన డాలర్లను రూపాయలుగ మార్చబోయినపుడు, బ్యాంకు అమ్మినధర యొకటి, కొనుధర మరియొకటి యని తెలియును. కార్డు తీసికొన్ననాడే ఆ రెండును అడిగి వ్రాసికొనువాడు లక్షరూపాయలపై ఎంత పోవునో ముందే రమారమి లెక్కగట్టుకొనగలడు.