సముద్రపు స్పంజిక నుంచి ఎయిడ్స్ మందు దాకా

వైరస్‌ల మందులు ప్రకృతి ఇచ్చినవా, ప్రయోగశాలలో పుట్టినవా? ఈ రెండింటినీ విడదీయలేమని కింది ఉదాహరణ చదివితే మీకే తెలుస్తుంది.

1950వ దశకం ఆరంభంలో వెర్నర్ బెర్గ్‌మన్ ఫ్లోరిడా తీరపు స్పంజికలో కొత్తరకం న్యూక్లియోసైడ్‌లను గుర్తించారు. న్యూక్లియోసైడ్‌లు డీఎన్‌ఏ నిర్మాణానికి ఇటుకల వంటివి. స్పంజికలోని వాటిలో చక్కెర భాగం వేరు. అలా చక్కెర భాగం మార్చిన న్యూక్లియోసైడ్‌లపై రసాయన శాస్త్రవేత్తల దృష్టి పడింది.

1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ అటువంటిదే అయిన ఏజెడ్‌టీని క్యాన్సర్ కోసం తయారుచేశారు. అది ఎలుకల ల్యుకేమియాపై పనిచేయకపోవడంతో పక్కన పెట్టారు. అదే పదార్థం హెచ్‌ఐవీని అడ్డుకుంటుందని 1985లో తేలింది. వైరస్ ఎంజైమ్ దానిని థైమిడిన్‌గా పొరబడి డీఎన్‌ఏ గొలుసులో చేర్చుకుంటుంది. తరువాతి లంకె తగిలే చోటు ఉండదు కనుక గొలుసు ఆగిపోతుంది. 1987 మార్చిలో అమెరికా ఈ మందును ఆమోదించింది. కాని ఏడాదికి అయ్యే ఖర్చు సుమారు 10,000 డాలర్లు!

ఇక్కడే హైదరాబాదు పాత్ర గమనించండి. ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం ఏజెడ్‌టీ తయారీ విధానాన్ని రూపొందించింది. దానితో 1990వ దశకంలో సిప్లా సంస్థ ఆ మందును తక్కువ ధరకు తెచ్చింది. 1970 నాటి మన చట్టం మందులకు కాక వాటి తయారీ విధానానికే పేటెంట్ ఇవ్వడం వల్ల ఇది సాధ్యమైంది. ఏజెడ్‌టీ ఒక్కటే వాడితే వైరస్ నిరోధకత పెంచుకుంటుంది. అందుకే తరువాత మూడు మందులు కలిపి ఇవ్వసాగారు. 2001లో సిప్లా అటువంటి చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామంది.

కాబట్టి మందుల చరిత్ర రాసేటప్పుడు కనుగొన్న సంవత్సరంతో ఆగకండి. అది సామాన్య రోగికి ఎప్పుడు అందిందో, ఎందుకు ఆలస్యమైందో కూడా అడగండి.