'నక్కో'కి స్పెల్లింగ్ ఎక్కడిది? పాతబస్తీలో సెల్ ఫోన్ తారీఖ్

పాతబస్తీలో సెల్ ఫోన్ తారీఖ్ రాయాలంటే టేప్ రికార్డర్ దగ్గర మొదలుపెట్టాలి.

1973 తరువాత చమురు ధరలు పెరిగాయి. గల్ఫ్‌లో పనులు పుట్టాయి. బార్కస్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, తలాబ్‌కట్టా మహల్లాల నుంచి మగవాళ్లు సౌదీకీ, దుబాయ్‌కీ, కువైట్‌కీ బయల్దేరారు. బార్కస్ వాళ్లకు అది మరీ పరాయి ముల్క్ కాదు. నిజాం ఫౌజులో చేరడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల ఔలాద్ వాళ్లు. మిగతావాళ్లకు మాత్రం అంతా కొత్తే. ఖత్ రాస్తే జవాబుకి వారాలు పట్టేది. చదువురాని అమ్మీ ఆ ఖత్ చదివించుకోవాలంటే ఇంటి గుట్టు పక్కింటివాళ్లకు చెప్పుకున్నట్టే. అందుకని క్యాసెట్ వచ్చింది. ఒక వైపు అరగంట అమ్మీ మాట్లాడుతుంది, ఇంకో వైపు భార్య, మధ్యలో పిల్లల ఏడుపు, వెనక నుంచి అజాన్. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తున్న ఎవరో ఒకరి సూట్‌కేసులో ఆ క్యాసెట్ జెద్దా చేరేది. అక్కడ గదిలో అందరూ కలిసి వినేవాళ్లు. ఎవరి బేగమ్ మాట్లాడుతోందో వాళ్లు తప్ప మిగతావాళ్లు బయటికి వెళ్లాలని రివాజు ఉండేదని విన్నాను.

ఆ తరువాతిది పీసీవో జమానా. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెల్లో పెరిగే బిల్లు. ఐఎస్‌డీ చేస్తే సలామ్ చెప్పేలోపే పదులు ఎగిరిపోయేవి. అందుకే పాతబస్తీ నుంచి గల్ఫ్‌కి చేసేవాళ్లు తక్కువ. అక్కడి నుంచి వచ్చే కాల్ కోసం ఇంతెజార్ చేసేవాళ్లే ఎక్కువ. జుమ్మా రోజు ఫలానా వేళకి ఫలానా దుకాణానికి ఫోన్ వస్తుందని ముందే ఖత్‌లో ఇత్తెలా. ఇల్లంతా బురఖాలు వేసుకుని వెళ్లి ఆ దుకాణం ముందు నిలబడేది.

దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. జ్యోతిబసు మాట్లాడితే సుఖ్‌రామ్ విన్నారు. ఆ తరువాత మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కి టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. ఒకటి తరువాత ఐడియాలో, ఇంకొకటి ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చే కాల్‌కి కూడా డబ్బు కట్టాలి. మొబైల్ అంటే బంజారాహిల్స్ సామాను. లాడ్ బజార్ సేఠ్‌ల దగ్గర ఒకటీ అరా కనబడేదేమో.

పాతబస్తీకి ఫోన్ నిజంగా వచ్చింది 2003లో. రిలయన్స్ ఆ ఏడాది 501 రూపాయలకే చేతిలో ఫోన్ పెట్టింది. అంతకంటే పెద్ద సంగతి, అదే ఏడాది ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. వేరే ఊళ్లలో ఈ మాటకి ఎంత వజన్ ఉందో నాకు తెలియదు గానీ, గల్ఫ్ మీద బతికే మహల్లాలో దీనికి అర్థం వేరు. డబ్బు కట్టేది దుబాయ్‌లో ఉన్నవాడు, వినేది ఇక్కడివాళ్లు. పీసీవో ముందు నిలబడే పని పోయింది. అమ్మీ వంటగదిలో ఉల్లిగడ్డ కోస్తూనే కొడుకు గొంతు వినొచ్చు. నోకియా 1100 కూడా ఆ ఏడాదిదే. దానికి టార్చ్ ఉండేది. కరెంటు పోయిన రాత్రి సహరీకి లేచేవాళ్లకు ఆ టార్చ్ చేసిన ఖిద్మత్ ఏ కంపెనీ ఇష్తెహార్‌లోనూ రాలేదు.

ఇక మిస్డ్ కాల్. ఒకసారి మోగితే బయల్దేరాను అని, రెండుసార్లు మోగితే చేరాను అని. చాంద్ కనబడిందా లేదా అన్న ఖబర్ ఇదివరకు మసీదు మైకులో, మరుసటి పొద్దున సియాసత్, మున్సిఫ్ పేపర్లలో తెలిసేది. ఎస్ఎంఎస్ వచ్చాక రువైతె హిలాల్ కమిటీ ఎలాన్ ఇంకా నోట్లో ఉండగానే పది మంది 'చాంద్ ముబారక్' పంపేవాళ్లు. మయ్యత్ ఖబర్, నమాజె జనాజా ఏ మసీదులో ఎన్నింటికి, దఫన్ ఎక్కడ, ఇవన్నీ ఎస్ఎంఎస్ మీదే నడిచాయి. ఒక మనిషి సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని అది.

ఇక్కడే నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఉంది. ఆ ఎస్ఎంఎస్‌లు ఉర్దూలో ఉండేవి, కానీ ఉర్దూ లిపిలో కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. దీనికి మామూలుగా చెప్పే సబబ్ ఏంటంటే మన పిల్లలకి ఉర్దూ రాదు అని. అది సగం నిజమే. ఉర్దూ మీడియంలో చదివిన మేం కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాం. ఎందుకంటే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు పట్టేవి. ఉర్దూ గానీ తెలుగు గానీ యూనికోడ్‌లో రాస్తే 70 మాత్రమే. అంటే అదే మాటకి రెండింతల పైసలు. పైగా అవతలివాడి ఫోన్‌లో అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి. తెలుగు దోస్తులు కూడా 'ఎక్కడున్నావ్' అని ఇంగ్లీషు అక్షరాల్లోనే అడిగింది ఇందుకే. జబాన్ మీద మొహబ్బత్ తక్కువై కాదు, బ్యాలెన్స్ తక్కువై.

నస్తాలీఖ్‌కి ఇంకో ముసీబత్ ఉంది. అది గీత మీద నడిచే రాత కాదు. ప్రతి మాటా కుడి నుంచి ఎడమకి వాలుతూ కిందికి దిగుతుంది. ఒకే హర్ఫ్ తన పక్కనున్న హర్ఫ్‌ని బట్టి రూపం మారుస్తుంది. ఛత్తా బజార్ కాతిబ్‌ల కలానికి అది అలవాటు. కంప్యూటర్‌కి నేర్పడానికే చాలాకాలం పట్టింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ అఖ్బార్లలో కాతిబ్‌ల కుర్చీలు ఖాళీ అయ్యాయి. అయినా ఇన్‌పేజ్‌లో కొట్టింది యూనికోడ్ కాదు కాబట్టి, ఇంటర్నెట్‌లో చాలాకాలం ఉర్దూ పేజీ బొమ్మగానే వెళ్లింది. బొమ్మని చూడొచ్చు, వెతకలేం. నోటో నస్తాలీఖ్ అని గూగుల్ 2014లో ఫాంటు తెచ్చింది. ఐఫోన్‌లో నస్తాలీఖ్ 2017లో వచ్చింది. అప్పటికి ఒక తరం బొటనవేలు ఇంగ్లీషు అక్షరాలకి అలవాటు పడిపోయింది. షాదీ రుఖాలు ఇప్పటికీ ఛత్తా బజార్‌లో నస్తాలీఖ్‌లో అచ్చవుతాయి. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. కింద 'జరూర్ ఆనా' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది.

ఇది నుఖ్సాన్. దీన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ ఇదే దారిలో ఇంకొకటి జరిగింది, ఉర్దూ పెద్దలు దాన్ని పట్టించుకోలేదు.

మా స్కూల్లో 'నక్కో' అంటే ఉస్తాద్ బెత్తం తీసేవారు. 'హౌ' అనకూడదు, 'జీ హాఁ' అనాలి. 'కైకు' కాదు, 'క్యోం'. ఇంట్లో మాట్లాడేది దక్నీ, నోటుబుక్కులో రాసేది లక్నో ఉర్దూ. ఈ దక్నీ ఒకప్పుడు దర్బారు జబాన్. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా షాయరీ ఇందులోదే. వజహీ 'సబ్‌రస్' 1635లో రాశాడు. ఆ తరువాత ఢిల్లీ జబాన్ పెద్దరికం చేసింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైనప్పుడు అది కితాబీ ఉర్దూయే. దక్నీ రేడియోలోనూ, మజాహియా ముషాయరాల్లోనూ నవ్వించడానికి మిగిలింది. సులేమాన్ ఖతీబ్, గౌస్ ఖామఖా లాంటివాళ్లు దాన్ని బతికించారు. మామూలు మనిషి మాత్రం రోజువారీ రాతలో దక్నీ రాయడం మానేసి వందల ఏళ్లయింది.

ఎస్ఎంఎస్‌లో ఉస్తాద్ లేడు. ఇంగ్లీషు అక్షరాల్లో 'నక్కో'కి ఖరారైన స్పెల్లింగ్ లేదు, కాబట్టి తప్పు స్పెల్లింగ్ కూడా లేదు. ఒక కె పెట్టినవాడూ, రెండు పెట్టినవాడూ ఇద్దరూ సహీనే. పాన్ డబ్బా పిల్లాడి నుంచి ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయి దాకా ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాశారు. లిపి పోయిన చోటే జబాన్ తిరిగొచ్చింది. దీనికి సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

గొంతు సంగతి కూడా అంతే. 2005-06 ప్రాంతంలో 'ది అంగ్రేజ్', 'హైదరాబాద్ నవాబ్స్' సినిమాలొచ్చాయి. మస్త్ అలీ, అజీజ్ నాసర్, ఇస్మాయిల్ భాయ్‌గా వేసిన ధీర్ చరణ్ శ్రీవాస్తవ. ఇస్మాయిల్ భాయ్ అసలు పేరు చూసి ఆశ్చర్యపోయేవాళ్లకి దక్నీ ఒక్క ముసల్మాన్ల జాగీర్ కాదని తెలియాలి. ఈ సినిమాలు థియేటర్లో చూసినవాళ్లకంటే ఫోన్‌లో ముక్కలుగా చూసినవాళ్లు ఎన్నో రెట్లు. బ్లూటూత్ ఆన్ చేసి ఇద్దరు దోస్తులు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చునేవాళ్లు. లేదంటే మెమరీ కార్డు నింపే దుకాణం. ఖవ్వాలీ, నాత్, బయాన్, అంగ్రేజ్ సీన్లు, పాత రఫీ పాటలు, అన్నీ ఒకే కార్డులో. ముహర్రంలో నౌహాలు. ఆబిడ్స్ జగ్‌దీశ్ మార్కెట్‌లో చైనా ఫోన్లు కొనేవాళ్లు చూసేది ఒకటే, స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందని. ఐఎంఈఐ నంబరు లేని ఫోన్లు 2009 నవంబరు ఆఖరుతో బంద్ అన్నప్పుడు ఆ గల్లీల్లో పడ్డ పరేషానీ ఇంతా అంతా కాదు.

ఫోన్ తెచ్చిన ఖబర్ అంతా ఖైర్ కాదు. 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజ్ వేళ బాంబు పేలింది. దానికి మొబైల్ ఫోన్ వాడారని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. ఆ తరువాత పాతబస్తీ కుర్రాళ్లని పట్టుకెళ్లారు. వాళ్లలో చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల నుంచి మా మహల్లాలో సిమ్ కార్డు అంటే ఒక భయం. పరాయివాడికి ఫోన్ ఇవ్వొద్దు, దొరికిన సిమ్ ముట్టుకోవద్దు. 2010 సెప్టెంబరులో అయోధ్య ఫైసలా ముందు సర్కారు దేశమంతా బల్క్ ఎస్ఎంఎస్‌లు ఆపింది. 2012 ఆగస్టులో కూడా పరిమితి పెట్టింది. అఫ్వాకి రెక్కలు కత్తిరించాలని. వాట్సాప్ వచ్చాక ఆ కత్తెర పనిచేయలేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మెసేజ్‌లు తిరిగాయి. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని గుంపు కొట్టి చంపింది. అది రంజాన్ నెల. కొట్టింది మన గల్లీల వాళ్లే. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లలో రోజా ఉన్నవాళ్లు ఎంతమందో అని అప్పుడు రాత్రుళ్లు ఆలోచించేవాణ్ణి.

2021 అక్టోబరులో ఇంకో వైపు చూశాం. గంజాయి తనిఖీలని చెప్పి పోలీసులు దారిన పోయే కుర్రాళ్లని ఆపి వాట్సాప్ తెరిపించి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఆ వీడియో తీసిందీ ఫోనే. అదే ఏడాది లాక్‌డౌన్‌లో మాస్కు తీయమని అడిగి తన ఫొటో తీశారని ఎస్.క్యు. మసూద్ అభ్యంతరం చెప్పారు. ముఖం గుర్తుపట్టే టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా నీళ్లలా పారింది. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ బంద్. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద పాబందీ ఎత్తేసింది. ఇప్పుడు దాదీ మనవడి ముఖం చూస్తూ అన్నం తిన్నావా అని అడుగుతుంది. పాతబస్తీ ఖబర్లు చెప్పే యూట్యూబ్ చానళ్లు గల్లీకొకటి. నాలా పొంగినా, కరెంటు తీగ తెగినా, లైవ్. యాంకర్ దక్నీలోనే అరుస్తాడు. పేపర్‌లో పనిచేసే నాకు ఆ అరుపు చిరాకు. కానీ మా పేపర్ రాని గల్లీకి వాడు వెళ్తున్నాడు, అది ఒప్పుకోవాలి.

ఈమధ్య మా భాంజీ ఫోన్ మైకులో ఉర్దూ టైపింగ్ పెట్టుకుంది. మాట్లాడితే నస్తాలీఖ్‌లో అదే రాసుకుంటుంది. తను చదవలేదు, నన్ను చదవమంటుంది. మొన్న 'మేరేకు నక్కో' అంది. ఫోన్ దాన్ని మూడుసార్లు మూడు రకాలుగా రాసింది, ఒక్కటీ సరిగా లేదు. 'ముఝే నహీఁ చాహియే' అంటే వెంటనే చక్కగా రాసింది. పిల్ల విసుక్కుని మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేసింది.