తైలసంక్షోభము – డెన్మార్కు గాలిమరలు

సంకటకాలమే నూతనార్థికవ్యవస్థకు మూలకారణమని పలువురు తలంతురు. బొగ్గుపులుసు వాయువును మితముగా వెలువరించు ఆర్థికవ్యవస్థను గూర్చి చెప్పునపుడు డెన్మార్కును ఉదాహరించుట పరిపాటి; 1973 నాటి తైలసంక్షోభమే ఆ దేశమునకు మార్గము చూపినదందురు. ఈ యభిప్రాయ మెంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

ఆనాడు డెన్మార్కు వినియోగించు శక్తిలో నూటికి సుమారు 90 పాళ్ళు దిగుమతి తైలమే. ధరలు కొలది నెలలలో నాలుగు రెట్లాయెను. ఆదివారములందు మోటారుబండ్లు నడపరాదని ప్రభుత్వము శాసించెను. అయినను తక్షణము తైలమునకు బదులుగా వచ్చినది గాలి కాదు, బొగ్గు. 1976 నాటి శక్తి ప్రణాళికకు దిగుమతి తైలముపై ఆధారపడుటను తగ్గించుటయే ప్రధానాశయము; వాయుమండల రక్షణము కాదు. సంక్షోభము మార్పును అనివార్య మొనర్చినది గాని, దాని దిక్కును నిర్ణయింపలేదు.

ఆ దిక్కు పూర్వవిద్యనుండి లభించినది. 1891లో ఆస్కోవ్ గ్రామమందలి జానపద విద్యాలయమున పౌల్ లకూర్ అను నుపాధ్యాయుడు గాలిమరతో విద్యుత్తు నుత్పత్తిచేసి, దానిని ఉదజని రూపమున నిలువచేయ యత్నించెను. ఆతని శిష్యుడు యొహానెస్ యూల్ 1957లో గెడ్సెర్ వద్ద 200 కిలోవాట్ల మూడురెక్కల గాలిమరను నిలిపెను. తైలము చౌకగానున్న దినములలో, 1967లో, అది ఆగిపోయెను, కాని కూల్చివేయబడలేదు. సంక్షోభానంతరము దానిని బాగుచేసి పరీక్షించిరి. దాని ననుసరించియే క్రిస్టియన్ రీసాగెర్ అను వడ్రంగి చిన్న గాలిమరను నిర్మించెను. 1978లో ట్వింద్ విద్యాలయమున ఉపాధ్యాయులును విద్యార్థులును కలసి మహాయంత్రము నొకదానిని నెలకొల్పిరి.

విద్యకు శాసనము తోడాయెను. 1979లో గాలిమర వ్యయమున నూటికి 30 పాళ్ళు ప్రభుత్వము భరింప నారంభించెను. విద్యుత్కేంద్రములందు వృథాయగు వేడిని గొట్టములద్వారా గృహములకు చేర్చుటకు ఆ సంవత్సరపు ఉష్ణసరఫరా శాసనము తోడ్పడెను. 1985లో శాసనసభ అణువిద్యుత్తును ప్రణాళికనుండి తొలగించెను. 1991లో విండెబీ వద్ద సముద్రమున 11 గాలిమరలు నిలిచినవి. అయినను అప్పటికి విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండియే లభించుచుండెను. విద్యుద్వినియోగమున గాలి వాటా సగమునకు చేరువగుటకు 2019 వరకు పట్టినది.

2020 నాటి మహమ్మారి పిమ్మట, ఐరోపా సమాఖ్య తన పునరుద్ధరణ నిధిలో ప్రతి సభ్యదేశమును కనీసము నూటికి 37 పాళ్ళు వాతావరణకార్యములకు వినియోగింపవలెనని 2021లో నియమించెను. ధన మావశ్యకమే. కాని డెన్మార్కు చరిత్ర చెప్పునది వేరు: సంకటము అవసరమును మాత్రమే కల్పించును. చౌకదినములలో నిరుపయోగమని తోచిన విద్యను కాపాడుకొని, సంకటము తీరిన పిమ్మటను శాసనమును సడలింపని జాతికే ఆ అవసరము ఫలించును.